పాత్రోచితభాష: రంగస్థలముపై నటుని యాస

నాటకము దృశ్యకావ్యమని పెద్దలు చెప్పిరి. ఐనను కన్నులు మూసికొని కూర్చున్నవానికి సైతము నాటకమున సగపాలు దక్కుచునే యుండును. తెరవెనుకనుండి ఒక పాత్ర నాలుగు మాటలు పలికినంతనే ఆ మనిషి ఏ సీమవాడో, ఏపాటి చదువు చదివినవాడో, ఎదుటివానిని గౌరవించుచున్నాడో ఈసడించుచున్నాడో మనకు తెలిసిపోవును. వేషము, రంగు, దీపము చెప్పలేని ఈ సంగతులను చెప్పునది యాస. ఈ యాసను నటుడు ఎట్లు గ్రహింపవలెను, ఎంతవరకు వాడవలెను, ఎచ్చట వాడరాదు అను ప్రశ్నలు తెలుగు నాటకమునకు క్రొత్తవి కావు. పందొమ్మిదవ శతాబ్దము ముగియుచున్న దినములలో మన చెన్నపురియందు నివసించిన పండితుడొకరు వీనిపై గ్రంథమే రచించిరి. వారు తేల్చిన భాగమెంత, మనకు మిగిల్చిన భాగమెంత అని విచారించుట ఈ వ్యాసోద్దేశము.

యాస యొక్క అంగములు

యాస యను మాటను లోకమున వదులుగా వాడుదురు. నటునకు పనికివచ్చునట్లు దానిని నాలుగుగా విడదీసి చూడవచ్చును. మొదటిది ధ్వని. ‘చాప’, ‘చూడు’ అను మాటలలోని దంత్యచకారమును కొందరు స్పష్టముగా పలుకుదురు. కొందరు సకారము చేసి ‘సాప’, ‘సూడు’ అందురు. పరభాషల నడుమ పెరిగినవారు పలువురు దానిని తాలవ్యముగనే పలుకుదురు. రెండవది రూపము. ‘ఎక్కడికి పోవుచున్నావు’ అను ఒక్క ప్రశ్నయే అనంతపురమున ‘యాడికి పోతాండావు’ అనియు, విజయనగరమున ‘ఎక్కడికెల్తన్నావు’ అనియు, వరంగల్లున ‘ఎక్కడికి పోతున్నవ్’ అనియు వినబడును. మూడవది పదము. ఒకచోట ‘కొంచెము’ అనునది సీమలో ‘రవంత’, తెలంగాణమున ‘జర’ యగును. నాలుగవది స్వరగతి, అనగా మాటను ఎచ్చట సాగదీయుదురు, ఎచ్చట దించుదురు, ప్రశ్న చివర గొంతు ఏ దిక్కునకు పోవును అనునది.

ఈ నాలుగింటిలో పదములను పట్టుకొనుట సులభము. స్వరగతిని పట్టుకొనుట కష్టము. నేర్పు చాలని నటుడు సులభమైనదానితోనే తృప్తిపడును. అట్టివాని నోట ‘గిట్ల సేస్తన్నావేటి’ వంటి వాక్యములు వెలువడును. ఇందు ‘గిట్ల’ తెలంగాణమునది, ‘ఏటి’ కళింగాంధ్రమునది. ఈ రెండు సీమలవారు వినకున్న సభలో ఇది చెల్లిపోవచ్చును. వినినవారికి మాత్రము ఆ పాత్ర ఏ ఊరిదియు కాదని ఆ క్షణమే తెలియును.

మరియొక పొరపాటు కలదు. ‘సెప్పు’, ‘సూడు’ అను పలుకును ఒక మండలపు గుర్తుగా కొందరు నటులు భావింతురు. ఈ మార్పు ఒక్క మండలమునకే చెందినది కాదు; పలు మండలములయందు చదువు సోకనివారి నోట వినబడును. కనుక ప్రాంతభేదము వేరు, వర్గభేదము వేరు. ఒకదానికొకటి మారకము కాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగుదేశమున భాషాపరిశీలనము జరిపి, తెలుగును పూర్వ, మధ్య, దక్షిణ, ఉత్తర మండలములుగా విభజించిరి. వారి కృషి ఫలితమైన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటమును ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రకటించినది. అది వ్యవసాయపదములకు సంబంధించినది. ఇట్టి కోశములు నటునకు పదములను, కొన్ని రూపములను ఈయగలవు. స్వరమును మాత్రము మనుష్యులనుండియే వినవలెను.

భరతుడును శకారుడును

పాత్రను బట్టి భాష మారవలెనను మాట భరతముని నాటిది. నాట్యశాస్త్రమున మాగధి, అవంతిజ, ప్రాచ్య, శౌరసేని, అర్ధమాగధి, బాహ్లిక, దాక్షిణాత్య అను ఏడు భాషలు పేర్కొనబడినవి. హిమవత్ప్రాంత, సింధు, సౌవీర దేశములవారికి ఉకారము మెండైన భాషను వాడవలెనని విధించుటను బట్టి, భరతుడు పదములను మాత్రమే కాక ధ్వనులను కూడ గమనించెనని స్పష్టము. కాకువును సాకాంక్షమనియు నిరాకాంక్షమనియు విభజించి, గొంతు మార్పుచేత అర్థము మారుటను శాస్త్రబద్ధము చేసెను. మనము నేడు స్వరగతి యనుచున్నది దీనికి చేరువైనదే.

ప్రయోగమునకు శూద్రకుని మృచ్ఛకటికము ఉత్తమమైన ఉదాహరణము. అందలి శకారుడు రాజశ్యాలకుడు. సకారమునకు బదులు శకారము పలుకును. ప్రేక్షకుడు నవ్వును. కాని ఆ నవ్వునకు మూలము అక్షరము మాత్రమే కాదు. రామాయణ భారతములలోని కథలను తారుమారు చేసి చెప్పు అజ్ఞానము, అధికారమును చూచుకొని విఱ్ఱవీగు గర్వము అతనిని హాస్యాస్పదుని చేయుచున్నవి. ఆ శకారమును తీసివేసి చదివినను అతడు నవ్వించును. పై విచారణలో ఈ సంగతి మనకు కొలబద్దగా ఉపయోగపడును.

వేదమువారి సిద్ధాంతము

తెలుగున 1880లోనే కందుకూరి వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున తమ ‘వ్యవహారధర్మబోధిని’ని ఆడించి వాడుకమాటకు రంగస్థలమున చోటు చూపిరి. దానిని సిద్ధాంతరూపమున నిలిపినవారు వేదము వేంకటరాయశాస్త్రిగారు (1853–1929). వారు చెన్నపురి క్రైస్తవకళాశాలలో సంస్కృతపండితులు. 1897లో వెలువడిన వారి ‘ప్రతాపరుద్రీయము’న రాజు, మంత్రి మొదలగువారు గ్రాంథికమున మాటలాడగా, చాకలి పేరిగాడు వంటివారు తమ ఇంటిమాటతోనే రంగమునకు వచ్చిరి. వ్యాకరణమునే ప్రమాణముగా భావించు కాలమున ఇది సాహసమే. దానిని సమర్థించుటకై శాస్త్రిగారు 1899లో ‘గ్రామ్యభాషాప్రయోగ నిబంధనము’ను రచించిరి. సంస్కృతనాటకమున ప్రాకృతమునకెట్టి స్థానము కలదో, తెలుగునాటకమున నీచపాత్రలకు గ్రామ్యమట్టిదని వారి వాదము.

ఇందు విశేషమేమన, శాస్త్రిగారు వ్యావహారికవాదులు కారు. తరువాత భాషావివాదము చెలరేగినపుడు వారు గ్రాంథికపక్షమునే నిలిచిరి. గ్రాంథికమునందంత పట్టుదల గలవారే నాటకమున చాకలికి చాకలిమాట కావలెననిరి. రంగస్థలధర్మము వేరని వారెరిగిరి.

ఈ సిద్ధాంతమువలన కలిగిన లాభము గొప్పది. మాట పాత్రకు చెందినది గాని వ్యాకరణమునకు చెందినది కాదని స్థిరపడినది. కాని ఇందొక చిక్కు మిగిలినది. పెద్దపాత్రకు గ్రాంథికము, చిన్నపాత్రకు యాస అన్నచో, యాస కలిగియుండుటయే చిన్నతనపు గుర్తుగా మారును. రంగముపై ఒక్కడు మాత్రమే యాసతో మాటలాడునపుడు చూపులన్నియు వానివైపే తిరుగును. నవ్వులును వానిమీదనే పడును.

కన్యాశుల్కము చూపిన త్రోవ

ఈ చిక్కునకు విడుపు అదే కాలమున విజయనగరమున దొరకినది. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో జగన్నాథవిలాసినీసభవారిచే ప్రదర్శింపబడి, ప్రతాపరుద్రీయము వెలువడిన 1897లోనే అచ్చుపడినది; 1909లో ఎంతయో మార్పు చెంది రెండవమారు వెలువడినది. ఇందు అందరును వాడుకభాషయే మాటలాడుదురు. కృష్ణారాయపురపు అగ్నిహోత్రావధాన్లు వేదము చదివినవాడైనను కోపము వచ్చినపుడు పుస్తకము మాటలాడడు, తన ఊరే మాటలాడును. హెడ్డు కనిస్టేబు, పూటకూళ్ళమ్మ, బైరాగి, పోలిశెట్టి ఎవరి మాట వారిదే. గిరీశము నోట ఇంగ్లీషు ముక్కలు దొర్లుటయు ఒక యాసయే. మధురవాణి గిరీశముతో ఒకతీరున, రామప్పంతులుతో ఒకతీరున, సౌజన్యారావుపంతులుతో వేరొకతీరున పలుకును.

అందరికిని యాస యున్నచోట ఏ యాసయు అవమానము కాదు. గురజాడవారు ప్రత్యేకముగా సిద్ధాంతము చేయకయే ఈ సత్యమును నిరూపించిరి. భేదమును ఎక్కువతక్కువలలో కాక మనిషికి మనిషికి నడుమ చూపిరి.

ఈ నాటకమును ఆడినవారి చరిత్ర సైతము మనకొక పాఠము చెప్పును. జె. వి. రమణమూర్తిగారు గిరీశముగను, వారి అన్నగారు జె. వి. సోమయాజులుగారు రామప్పంతులుగను ప్రసిద్ధులైరి. వారు కళింగాంధ్రమువారు, ఆ మాటల పుట్టినిల్లే వారి పుట్టినిల్లు. మరియొకవైపు బాపట్లలో పుట్టిన స్థానము నరసింహారావుగారు (1902–1971) మధురవాణి పాత్రను ధరించి మెప్పు పొందిరి. కనుక ఆ సీమలో పుట్టినవారే ఆ పాత్రకు అర్హులని నియమము చేయుటకు వీలులేదు. పుట్టుక సహాయమే గాని, పాత్రను పండించునది సాధన.

పద్యము, గద్యము, మైకు

తెలుగు రంగమునకు ప్రత్యేకమైన సంగతి పద్యము. పద్యమున యాస చొరబడుట కష్టము. క్రియారూపము మారిన గణము చెడును. అక్షరము మారిన ప్రాస చెడును. అందువలన శ్రీకాకుళపు నటుడును నెల్లూరి నటుడును తిరుపతి వేంకటకవుల ‘పాండవోద్యోగము’ను ఒకే రూపమున పాడగలిగిరి. రాగము తీయు పద్ధతిలో భేదముండవచ్చును గాని మాటలో ఉండదు. 1885లో కడపమండలపు సురభిగ్రామమున ‘కీచకవధ’తో ఆరంభమైన సురభి నాటకకుటుంబముల పూర్వులు మహారాష్ట్రమునుండి వచ్చినవారు. తరతరములుగా వారి పిల్లలు రంగముమీదనే తెలుగు పద్యమును కంఠస్థము చేసికొని పెరిగిరి. బడికి దూరమైన పెక్కుమంది నటులకు పద్యనాటకమే ఉచ్చారణ నేర్పిన బడి.

గద్యనాటకము ప్రబలినకొలది ఈ రక్షణ తొలగినది. ఈ మార్పులో బళ్ళారివారి పాత్ర గణనీయము. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి సరసవినోదినీసభ 1891లో చెన్నపురి వచ్చి నాటకములాడగా, వానిని చూచి ఉత్సాహము పొందిన పమ్మల్ సంబంధ మొదలియారుగారు మిత్రులతో కలసి ఆ యేడే సుగుణవిలాససభను స్థాపించిరి. తమిళ ఔత్సాహిక నాటకమునకు తెలుగునాటకము ప్రేరణమగుట మన నగరచరిత్రలో స్మరింపదగిన ఘట్టము. ఆచార్యులవారి మేనల్లుడైన బళ్ళారి రాఘవగారు (1880–1946) దీర్ఘమైన రాగాలాపనను తగ్గించి, మాటలోని భావమునకు ప్రాధాన్యము కల్పించిరి. రాగము తగ్గినచోట మాట వినబడును. మాట వినబడినచోట యాస వినబడును.

పరికరములును ఇందుకు తోడ్పడినవి. మైకు లేని దినములలో చివరి వరుసవరకు గొంతు చేర్చుటకై నటుడు అచ్చులను సాగదీసి, ప్రతి అక్షరమును ఒత్తి పలుకవలసివచ్చెడిది. ఆ బిగ్గరతనమున సన్నని స్వరభేదములు అణగిపోయెడివి. మైకు వచ్చిన పిమ్మట గుసగుస సైతము సభకు చేరినది. 1938 జూన్ 16న చెన్నపురి ఆకాశవాణి కేంద్రము ఆరంభమైన తరువాత తెలుగునాటకము కంటికి కనబడకయే ఇంటింటికి పోయినది. రేడియోలో నటునకు వేషమును గొంతే, ఊరును గొంతే. అచ్చట యాస తప్పినచో దాచుకొనుటకు చోటు లేదు.

నటుని సాధన

యాసను సాధించు నటునకు ముఖ్యముగా మూడు విషయములు చెప్పవచ్చును. మొదటిది, సీమను కాక మనిషిని వినవలెను. ‘రాయలసీమ యాస’ యని ఒక మూస లేదు. అనంతపురపు రైతు వేరు, కడప వర్తకుడు వేరు, చిత్తూరు ఉపాధ్యాయిని వేరు. ఒక్క మనిషిని ఎన్నుకొని, ఆ మనిషి కుశలప్రశ్న చేయుట, బేరమాడుట, పిల్లవానిని కసరుట, చావుకబురు చెప్పుట శ్రద్ధగా వినవలెను. ఒకే గొంతు ఈ నాలుగు సందర్భములలో నాలుగు విధములుగా నడచును.

రెండవది, ఉద్వేగమున నిలకడ. సామాన్యసంభాషణమున యాసను చక్కగా నిలుపుకొన్న నటులు పలువురు, కోపము గాని దుఃఖము గాని వచ్చిన ఘట్టమున తమ సొంత పలుకునకు మరలిపోవుదురు. లోకమున జరుగునది దీనికి విరుద్ధము. చదువుకొని పట్నమున స్థిరపడినవాడు సైతము దుఃఖమున తన అమ్మ మాటకు మరలును. కనుక యాస ఎక్కువ కావలసినచోటనే నటుని యాస తగ్గిపోవుచున్నది. సాధన అచ్చటనుండి మొదలుపెట్టవలెను.

మూడవది, వినువానిని బట్టి మార్పు. పల్లెటూరివాడు తహశీల్దారు ఎదుట నిలిచినపుడు తన పలుకును సవరించుకొన యత్నించును. ఇంటికి వచ్చి భార్యతో చెప్పునపుడు ఆ సవరణ ఉండదు. మొదటినుండి చివరివరకు ఒకే మోతాదున యాస పలుకు నటుడు మనిషిని కాక బొమ్మను చూపినవాడగును. మధురవాణి మనకు నేర్పునదియు ఇదియే.

నవ్వు ఎవరిమీద?

ఇక అసలు ప్రశ్నకు వత్తము. కృష్ణా, గుంటూరు, గోదావరి మండలముల చదువుకొన్నవారి మాట క్రమముగా పత్రికలలో, రంగస్థలమున, చలనచిత్రమున ప్రమాణముగా స్థిరపడినది. అది తప్పనలేము, ఏ భాషకైనను ఒక ఉమ్మడి పలుకు అవసరము. కాని దాని వెంట మరియొక అలవాటు వచ్చినది. నాయకుడు ప్రమాణభాష పలుకగా వంటవాడు కళింగాంధ్రపు యాసను, కొట్లాటవాడు సీమయాసను, విదూషకుడు తెలంగాణపు యాసను పలుకుట ఆచారమైనది. వేదమువారు మిగిల్చిన చిక్కు ఈ రూపమున పెరిగినది. వారు కులవృత్తిని బట్టి భాష నిచ్చిరి; తరువాతివారు సీమను బట్టి గౌరవమును, అగౌరవమును పంచిరి. తెలంగాణమున భాషాగౌరవము ప్రజల ఆత్మగౌరవముతో ముడిపడుటకు ఈ అనుభవము ఒక కారణము. 2014లో ఆ రాష్ట్రము ఏర్పడిన పిమ్మట కాళోజీ నారాయణరావుగారి జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషాదినముగా ప్రకటించుట గమనింపదగినది.

దీనికి పరీక్ష శకారుని కథలోనే కలదు. యాసను తీసివేసి చదివినను పాత్ర నవ్వించునేని ఆ నవ్వు పాత్రది. తీసివేసినంతనే నవ్వు మాయమగునేని, ఆ నవ్వు ఒక సీమ ప్రజలను చిన్నబుచ్చి సంపాదించినది. బెర్నార్డ్ షా ‘పిగ్మాలియన్’ నాటకమున పూలమ్ము ఎలైజా లండను వీథి యాసతో మాటలాడును. పలుకు మారినంతనే ఆమెను దొరసానిగా గౌరవించు సమాజమే అందు నవ్వులపాలగుచున్నది గాని ఎలైజా కాదు. ఆ నాటకము లండనులో కంటె ముందుగ, 1913లో, వియన్నా నగరమున జర్మనుభాషలో ఆడబడినది. యాసయే కథావస్తువైన నాటకమును సైతము పరభాషకు మార్చవచ్చునని దీనివలన తెలియుచున్నది. అట్టి నాటకమును తెలుగు చేయువారు ఎలైజాకు తెలుగుదేశపు ఏదో ఒక సీమను అంటగట్టుట న్యాయము కాదు. అచ్చటిది ముఖ్యముగా వర్గభేదము. దానికి వర్గభేదమునే వెదుకవలెను.

చెన్నపురి తెలుగు

ఈ విషయము మన నగరమున మరింత సన్నిహితమైనది. తమిళనాటి తెలుగువారిలో ఇటీవల నెల్లూరు, చిత్తూరులనుండి వచ్చినవారు కలరు. హోసూరు, కోయంబత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతములలో తరతరములుగా స్థిరపడినవారును కలరు. 2006 నాటి చట్టము ప్రకారము తమిళము పాఠశాలలలో ఒకటవ తరగతినుండి ఏటేట పై తరగతులకు తప్పనిసరి భాషగా వచ్చినది. తమిళము నేర్చుట మన పిల్లలకు మేలే. కాని బడిలో తెలుగు చెవినిబడు సమయము తగ్గినది. ఈ స్థితిలో నాటకసాధన తెలుగు ఉపాధ్యాయులకు గొప్ప ఆసరా.

మా పిల్లల పలుకులో రెండు వేర్వేరు సంగతులు కలిసియుండును. తమిళలిపిలో క, గ లకు ఒకే అక్షరము. త, ద లకును, ప, బ లకును అట్లే. మహాప్రాణములకు వేరు అక్షరములు లేవు. ఆ అలవాటుచేత పిల్లవాడు ‘గది’ని ‘కది’ యనియు, ‘భయము’ను ‘పయము’ అనియు చదువును. ఇది చదువుటలోని అలవాటు. సాధనచేత పోవును, పోవలెను. శ్రీకృష్ణుని వేషము కట్టిన బాలుడు ‘ధర్మము’ను ‘తర్మము’ అనరాదు. రెండవది ఇంటిమాట. ‘ఉన్నది’ అనుటకు ‘ఉండాది’ అను అవ్వ పలుకు తప్పు కాదు. దక్షిణమండలపు తెలుగునకు చుట్టము. ఈ రెండింటిని ఒకే గాట కట్టి ‘అరవయాస’ యని త్రోసివేయుట అన్యాయము.

ఒక పోటీయందు, తమిళదేశపు పల్లెలోని తెలుగు అవ్వ పాత్రను ఒక బాలిక తన ఇంటి అవ్వ పలుకుతోనే ఆడినది. సభలోని వృద్ధులు కొందరు కన్నీరు తుడుచుకొనిరి. పరీక్షకులలో ఒకరు ‘పలుకు శుద్ధముగా లేదు’ అని గుణములు తగ్గించిరి. ఆ మరుసటి యేడు ఆ బాలిక వేషము కట్టుటకు ఒప్పుకొనలేదు. పాత్రోచితభాష యను సూత్రమును పుస్తకమున చదివి రంగముమీద మరచినచో ఇట్టి ఫలితము కలుగును. ఆ పిల్ల తన మాటను రంగమునుండి మాత్రమే కాక, కొలది దినములలో ఇంటనుండియు తొలగించుకొనవచ్చును. చెన్నపురి తెలుగు పోవుట అనునది ఇట్లే, ఒక్కొక్క నోటినుండి, జరుగును.

కావున నాటకపోటీలు నడపు సంఘములకు మూడు మనవులు. ఉచ్చారణకు గుణములు వేయునపుడు ప్రమాణభాషకు కాక, పాత్రకు తగినదా కాదా యని చూడవలెను. ప్రతి సంవత్సరము ఒక నాటికనైనను మన తమిళనాటి తెలుగువారి ఇంటిమాటలో వ్రాయించి ఆడించవలెను. అందు పండితుడు మొదలు పాలవానివరకు అందరును ఆ మాటయే పలుకవలెను. హోసూరు మొదలు కోవిల్‌పట్టివరకు గల వృద్ధుల మాటలను ధ్వనిముద్రణము చేసి, నటులు వినుటకు వీలుగ భద్రపరుపవలెను. చాకలి నోట చాకలిమాట యుండవలెనని ఈ నగరమున ఒక గ్రాంథికపండితుడు 1899లో వాదించెను. మన అవ్వ నోట అవ్వమాట యుండవలెనని మనము వాదించుట ఆయన మార్గమున మరియొక అడుగు వేయుటయే.